పడవ కప్పు కింద రాతి తొట్టి

మా గుడి మాది కాదు. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మాత్రమే మాది. మిగిలిన వారమంతా అది ఒక కాథలిక్ పారిష్ వాళ్ళది, అంటే అక్కడి కాథలిక్ సంఘానిది. మేముండే హెర్న్‌డన్ నుంచి పడమటికి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే, అద్దాల ఆఫీసులూ టౌన్‌హౌసులూ అయిపోయి గుర్రాల కంచెలు మొదలయ్యే చోట, చిన్న దిబ్బ మీద ఉంటుంది. పారిష్ వాళ్ళు హైవే పక్కన పెద్ద కొత్త చర్చి కట్టుకున్నారు. పాతదాన్ని పెళ్ళిళ్ళకీ, సమాధి ప్రార్థనలకీ, మాకూ ఉంచారు.

అంతకుముందు మా తెలుగు సంఘం తిరగని చోటు లేదు. ఎలిమెంటరీ స్కూల్ కెఫెటీరియాలో చాలా ఏళ్ళు ఆరాధించాం. సరిగ్గా అందరం కళ్ళు మూసుకున్నప్పుడే అక్కడి పెద్ద ఫ్రిజ్ గుర్రుమనేది. హోటల్ కాన్ఫరెన్స్ రూములో కూడుకున్నప్పుడు పక్క గదిలో ఎవరిదో సేల్స్ మీటింగ్, చప్పట్లు. ఒక ఏడాది కరాటే నేర్పే హాల్లో సర్దుకున్నాం. ఒక గోడంతా అద్దాలే, పాట పాడుతూ ఎవరి మొహం వాళ్ళు చూసుకోవాలి. నేను నర్సుగా ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరయ్యాను. అన్నిటికీ వంకలు పెడతానని సంఘంలో నాకు పేరు. పెడతాను. కార్పెట్ మీద మోకరిస్తే ప్రార్థన పైకి వెళ్ళదని పాస్టర్‌గారి ముందే అన్నాను.

నాకు కావలసింది గుడి. మా గోదావరి వైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెడితే అరికాలికి నేల చల్లగా తగలాలి. గంట మోగాలి, అదీ స్పీకర్లోంచి కాదు. ఆడవాళ్ళు ఒక పక్కా మగవాళ్ళు ఒక పక్కా కూర్చోవాలి. ఈ దేశం వచ్చిన నలభై ఏళ్ళలో ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ అమరాయి. ఇదొక్కటే అమరలేదు. దీని కోసం ఎంత బెంగపడ్డానో మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

మొదటిసారి ఆ పాత చర్చి తలుపు తీసి చూపించింది ఒక అమెరికన్ పెద్దావిడ. ఎనభై దాటాయి. దిబ్బ కిందే ఆవిడ ఇల్లు, తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. నేను గుమ్మంలోనే బూట్లూ సాక్సూ విప్పేశాను. ఆవిడ వింతగా చూసింది. లోపల నేలంతా పెద్ద పెద్ద నల్లరాతి పలకలు. మార్చి నెల. అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా జివ్వుమంది. నిలబడ్డచోటే ఏడ్చేశాను. పాస్టర్‌గారు కంగారుపడి, "ఆంటీ, ఆర్ యూ ఓకే?" అన్నారు.

"ఇదే తీసుకుందాం" అన్నాను.

ఆయన ఇంకా పార్కింగ్ చూడనే లేదు.

ఆ చర్చి సంగతి కాస్త చెప్పాలి. తలెత్తి చూస్తే పైన పడవ ఉంటుంది. గోదావరి ఒడ్డున తారు పూయడానికి పడవల్ని బోర్లించి పెట్టేవాళ్ళు. మేం వాటి కింద దూరి ఆడుకునేవాళ్ళం. ఈ కప్పు లోపలి నుంచి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. చెక్క పలకల్ని వంచి, బద్దల మీద బిగించి, నీలం రంగు వేశారు. ఆ నీలం ఇప్పుడు పాలిపోయింది. గోడకూ గోడకూ మధ్య అడ్డంగా నాలుగు దూలాలు. ఒక్కో దూలం రెండు కొసలనూ చెక్కుడు జంతువులు నోరు తెరుచుకుని మింగుతుంటాయి. అవి మొసళ్ళూ కావు, చేపలూ కావు. మా పిల్లలు ప్రసంగం జరిగినంతసేపూ వాటి పళ్ళు లెక్కపెడతారు. నేనూ పెట్టాను, ఒకదానికి పదకొండే ఉన్నాయి. గోడ కప్పును కలిసేచోట పొడుగునా మరో చెక్కుడు పట్టీ ఉంది. మెలిపెట్టిన తాళ్ళు, చేపలు, ద్రాక్షతీగ, ఉన్నట్టుండి ఒక మొక్కజొన్న కంకి, ఒక టర్కీ కోడి.

బయట బురుజు లేదు. ముందు గోడనే కప్పు కంటే ఎత్తుగా లేపి, అందులో కిటికీ లాంటి సందు వదిలి, గంట వేలాడదీశారు. తాడు గోడ వెంట కిందికి దిగి ఉంటుంది. ఉత్తరపు గోడకు ఒక్క కిటికీ కూడా లేదు. దక్షిణం పక్క వసారా, అందులో అటూ ఇటూ రాతి అరుగులు. అరుగుల పైన గోడలో పన్నెండు గూళ్ళు. పన్నెండుమంది అపొస్తలుల విగ్రహాలు నిలబడాల్సిన చోటు అది. చెక్కేవాళ్ళు దొరకలేదో ఏమో, అవి ఎప్పుడూ ఖాళీయేనట. మా పిల్లలు వాటిల్లో వాటర్ బాటిళ్ళు పెట్టుకుంటారు.

ఈ ఆకారమంతా ఎందుకిలా వచ్చిందో ఆ పెద్దావిడే చెప్పింది. తనే టైపు చేసి పిన్నులు కొట్టిన నాలుగు కాగితాల పుస్తకం ఒకటి మాకిచ్చింది. మా ముత్తాతల కాలంలో ఈ దిబ్బ మీదికి ఒక ఫాదర్ వచ్చాడు. ఫ్రాన్సు దేశంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రిటనీ అనే సీమ ఆయనది. చేపలు పట్టుకునేవాళ్ళ పల్లె. ఇక్కడ చుట్టుపక్కల అంతా పొలాలు, సముద్రం కనుచూపుమేరలో లేదు. ఆయనకు తన ఊరి చర్చి మీద మనసు. అలాంటిదే ఇక్కడా కావాలన్నాడు. నక్షా లేదు, పటం లేదు. మేస్త్రీల ముందు చేతికర్రతో నేల మీద గీసి, ఇక్కడ వసారా, ఇక్కడ గంట అని చెప్పేవాడట. కప్పు వెయ్యడం స్థానిక వడ్రంగులకు చేతకాకపోతే, తూర్పున అఖాతం ఒడ్డు నుంచి పడవలు కట్టేవాణ్ణి పిలిపించాడు. ఆ చెక్కుడు పట్టీలో చేపలు పడవలవాడు చెక్కినవి, మొక్కజొన్నా టర్కీ కోడీ ఇక్కడి వడ్రంగి చెక్కినవి. ఉత్తరపు గోడకు కిటికీలు ఎందుకు లేవంటే, ఆయన ఊళ్ళో ఉప్పుగాలి అటునుంచి కొట్టేది. ఇక్కడ కొట్టదు. అయినా మూయించాడు.

"తమాషా ఏమిటంటే" అంది పెద్దావిడ, "మా వాళ్ళు కొంతమంది ఒకసారి బ్రిటనీ వెళ్ళి ఆయన ఊరు వెతికి చూసి వచ్చారు. ఆ చర్చి ఇలా లేదట. దానికి బురుజు ఉంది. వసారా అవతలి పక్కన ఉంది. పైకప్పు రాతిది. పడవలాంటి కప్పు పక్క ఊరి చర్చిది. దూలాల మీది జంతువులు ఇంకో ఊరివి. మనిషి అన్నీ కలిపేసుకున్నాడు."

నేను పకపకా నవ్వాను. ముసలాయన పాపం, సొంత గుడి ఏదో కూడా తెలియకుండా ఎంత రాయి మోయించాడు అన్నాను. ఆవిడ కూడా నవ్వింది.

మేం ఆ చర్చిలో చేరాక మొదట కొన్ని తిప్పలు పడ్డాం. గోడల వెంట పరిశుద్ధుల విగ్రహాలు ఉన్నాయి. మేం ప్రొటెస్టెంట్లం, విగ్రహాల ముందు మోకరించడానికి మా పెద్దలకు మనసొప్పలేదు. ప్రతి ఆదివారం రెండింటికి వాటికి తెల్ల దుప్పట్లు కప్పి, అయిదింటికి మడిచి పెట్టేవాళ్ళం. ఒకరోజు పెద్దావిడ వచ్చి చూసి, గోడలకు రంగు వేస్తున్నారా అని అడిగింది. పాస్టర్‌గారు దగ్గు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు. ఆ దుప్పట్లు ఆవిడే తర్వాత ఉతికి తెచ్చి ఇచ్చింది. అంత మంచి మనిషి.

వసారాలో చెప్పుల స్టాండ్లు పెట్టించింది నేనే. ఆడవాళ్ళు ఎడమ, మగవాళ్ళు కుడి అన్నదీ నేనే. కొత్తగా వచ్చిన జంటలు గొణిగారు, సర్దుకున్నారు. పాటకు ముందు గంట రెండుసార్లు, పాస్టర్‌గారు వచ్చాక ఒకసారి. మా గుడిలో అలాగే ఉండేది అన్నానంటే ఇంక ఎవరూ మాట్లాడరు. సంఘంలో పెద్దదాన్ని నేనే. గోదావరి జిల్లాల్లో నిజం గుడి చూసి పెరిగినవాళ్ళు మిగిలింది నలుగురో అయిదుగురో.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం ముందుగా వచ్చి చర్చి చుట్టూ తిరుగుతుంటే, వసారా పక్కన చూరు కింద ఒక రాతి తొట్టి కనిపించింది. మోకాలెత్తు. లోపల మట్టి, అందులో ఏవో ఊదా రంగు పూలు. ఎండంతా దానిమీదే పడుతోంది. మా గుడి గుమ్మం దగ్గర సరిగ్గా ఇలాంటిదే ఉండేది. గరుకు రాయి, అంచు నున్నగా అరిగి ఉండేది. ఆదివారం పొద్దున దాని అంచు మీద కూర్చుంటే కాళ్ళ మీద నీళ్ళు పోసేవాళ్ళు. చల్లటి నీళ్ళు. ఆ తడికాళ్ళతోనే లోపలికి వెళ్ళి, రాతి నేల మీద అచ్చులు వేసుకుంటూ ముందు వరసదాకా నడిచేవాళ్ళం. నా మొత్తం బాల్యంలో అంత సంతోషం మరో జ్ఞాపకానికి లేదు.

మా సంఘంలో ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పట్టుకుని మట్టి తవ్వించాను. పూలమొక్కలు నల్ల చెత్త సంచిలోకి వెళ్ళాయి. కడిగితే లోపల రెండు గదులున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అడుగున కన్నం. పెద్దది నీళ్ళకు, చిన్నది సబ్బుకు అని తేల్చేశాను. కన్నానికి గుడ్డ బిరడా పెట్టి, హోస్ పైపుతో నింపి, ఒక ప్లాస్టిక్ మగ్గు వేలాడదీశాం. ఆ రోజు నుంచి అందరూ కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలి. పిల్లలైతే వరసలో నిలబడి తోసుకునేవాళ్ళు. పెద్ద పెద్ద డాక్టర్లు ప్యాంట్లు పిక్కలదాకా మడిచి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని కాళ్ళు కడుక్కున్నారు. లోపల రాతి పలకల మీద తడి అడుగులు. అయిదు ఆదివారాలు అలా గడిచాయి. నలభై ఏళ్ళ బెంగ తీరిందనుకున్నాను.

ఆరో ఆదివారం పెద్దావిడ ఏదో పనిమీద వచ్చింది. అప్పుడే నేను ఒక పిల్లవాడి మడమలు సబ్బుతో రుద్దుతున్నాను. ఆవిడ కారు దగ్గరే నిలబడిపోయింది. చెయ్యి నోటిమీద పెట్టుకుంది. నేను నవ్వుతూ మగ్గు ఎత్తి చూపించాను, మీరూ రండి అన్నట్టు. ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది.

మంగళవారం పాస్టర్‌గారు ఫోన్ చేశారు. వారమంతా ఆయన ఐటీ ఉద్యోగం చేస్తారు, మీటింగుల మధ్యలో చేసినట్టున్నారు.

"ఆంటీ, కొంచెం సీరియస్ అయింది. పారిష్ ఆఫీస్ నుంచి ఈమెయిల్ వచ్చింది. లీజ్ రెన్యువల్ హోల్డ్‌లో పెట్టారు. వచ్చే వారం వాళ్ళ కౌన్సిల్ డిసైడ్ చేస్తదంట."

"ఏం చేశామని?"

"మనం కాళ్ళు కడుగుతున్న తొట్టి ఉంది చూశారా, అది బాప్తిస్మం తొట్టంట ఆంటీ. ఆ ఫాదర్ వాళ్ళ ఊరి నుంచి షిప్‌లో తెప్పించుకున్నది అదొక్కటేనంట. పెద్ద దాంట్లో నీళ్ళు ఉంచి, పిల్లల తల మీద పోసిన నీళ్ళు చిన్న దాంట్లో పడేటట్టు పట్టుకునేవాళ్ళంట."

నేను సబ్బు పెట్టింది అందులోనే. అయినా నా నోరు ఊరుకుంటుందా.

"అంత పవిత్రమైనదైతే ఎండలో పడేసి పూలు నాటుకున్నారెందుకు? వాళ్ళు మట్టి పోస్తే తప్పు లేదు గానీ మనం నీళ్ళు పోస్తే తప్పొచ్చిందా?"

"లోపల రిపేర్లు చేసినప్పుడు బయట పెట్టారంట. మళ్ళీ లోపలికి తీసుకుపోలేదు. ఆ చర్చి కీస్ ఉంచుకునే ఆంటీ చాలా హర్ట్ అయ్యారంట. ఆమె చెప్తే కౌన్సిల్ వింటుంది." మళ్ళీ ఆయనే అన్నారు, "ఆంటీ, ఒక పని చేస్తరా? మీ ఊళ్ళో గుడి ముందు తొట్టి ఉండేదని చెప్పారు కదా. అది మన కస్టమ్ అని, రెస్పెక్ట్‌తోనే చేశామని ఒక పేజీ రాసివ్వండి. కౌన్సిల్‌కి పంపిద్దాం. లేకపోతే మళ్ళీ కెఫెటీరియానే మనకు."

రాస్తానన్నాను. గర్వంగానే కూర్చున్నాను. మా గుడి గుమ్మం ముందు రాతి తొట్టి ఉండేది అని ఒక వాక్యం రాశాను. రెండో వాక్యం రాలేదు. గుమ్మానికి కుడి పక్కా, ఎడమ పక్కా? నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు? అక్కకు ఫోన్ చేశాను. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, నరసాపురం దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. ఇక్కడ పొద్దున్న, అక్కడ సాయంత్రం. టీ తాగుతోంది.

"గుడి దగ్గర తొట్టేంటే?" అంది అక్క. "గుడి దగ్గర చుక్క నీళ్ళు లేవు. నుయ్యి ఎక్కడో పాస్టరు గారి దొడ్లో ఉండేది. దాహమేస్తే అంతదూరం పోయేవోళ్ళం."

"రాతి తొట్టి అక్కా. అంచు అరిగిపోయి ఉండేది. దానిమీద కూచోబెట్టి కాళ్ళు కడిగేవాళ్ళు."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గింది. "ఒసే, అది మన గేదె కుడితి తొట్టే. పెరట్లో పాక పక్కన. ఆదివారం పొద్దున కుడితి పారబోసి, తోమి, నీళ్ళు నింపి, దానిమీద నిన్ను కూచోబెట్టి అమ్మ కాళ్ళు కడిగేది. లేకపోతే దారిలో బురద తొక్కుతావని చంకనేసుకుని గుడి గుమ్మందాకా మోసుకొచ్చేది. గుమ్మంలో దింపేది. నాకు మట్టుకు ఎవరు కడిగారు? నేనే కడుక్కున్నా."

నేను రాసిన ఒక్క వాక్యం వైపు చూశాను.

"అమ్మ పోయాక" అంది అక్క, గొంతు మార్చి, "నువ్వు తొట్టి దగ్గరికి వెళ్ళేదానివి కాదు. గుడికి మురికికాళ్ళతోనే వచ్చేదానివి. నాన్న కొట్టినా వినలేదు. గుర్తులేదా నీకు?"

గుర్తులేదు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ముఖం గుర్తులేదు. చాలాసార్లు ప్రయత్నించాను, రాదు. అందుకని అమ్మ గురించి ఎక్కువ తలచుకోలేదు, తలచుకోవడానికి ఏమీ లేదనుకున్నాను. ఇన్నేళ్ళూ గుడి మీద బెంగ అనుకున్నది గుడి మీద కాదు. దానికోసం అరవై కుటుంబాల చేత కాళ్ళు కడిగించాను. ఆ బ్రిటనీ ఫాదర్‌ను చూసి నవ్వాను. ఫోన్ పెట్టేసి, టేబుల్ దగ్గరే కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చాను. తర్వాత రాసిన వాక్యం కొట్టేశాను.

పాస్టర్‌గారికి పేజీ పంపలేదు. బట్టలు మార్చుకుని, కారు తీసి, పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. ముందు ఫోన్ చెయ్యకుండా ఈ దేశంలో ఎవరింటికీ వెళ్ళకూడదని నాకు తెలుసు. ఫోన్ చేస్తే రావద్దంటుందని భయం.

ఆవిడ తలుపు తీసి, ఒక నిమిషం ఆలోచించి, లోపలికి రమ్మంది. వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. మంచినీళ్ళు కూడా అడగలేదు. నేను ఇంగ్లీషులో ఎంత సూటిగా చెప్పగలనో అంత సూటిగా చెప్పాను. అది మా ఆచారం కాదు, మా వాళ్ళ తప్పూ కాదు, మొత్తం నా తప్పే. మా గుడి ముందు అలాంటి తొట్టి లేదు. అది మా ఇంట్లో గేదె తొట్టి. మా అమ్మ అందులో నా కాళ్ళు కడిగేది, నేను కలిపేసుకున్నాను. మమ్మల్ని వెళ్ళగొట్టినా ఫర్వాలేదు గానీ నేను కావాలని చెయ్యలేదని మీరు నమ్మాలి అన్నాను.

ఆవిడ ఫ్రిజ్ పక్క గోడకేసి చూసింది. తర్వాత అంది, "నీళ్ళు కాదు నన్ను బాధపెట్టింది."

"మరి?"

"పూలు."

ఫ్రిజ్ పక్క గోడ మీద ఒక ఫొటో ఉంది. పొడుగు తెల్లగౌనులో ఒక బొద్దు పిల్లవాడు, బుగ్గలు ఉబ్బి, కెమెరాకేసి అనుమానంగా చూస్తున్నాడు. ఆవిడ రెండో కొడుకు. ఆ రాతి తొట్టి దగ్గరే బాప్తిస్మం ఇచ్చారు. అయిదో నెలలో జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తొట్టిని బయట పెట్టేశారు. రాయి ఎండలో ఉత్తినే పడి ఉండటం చూడలేక ఆవిడే మట్టి పోసి మొక్కలు నాటింది. ప్రతి ఏడాదీ వాడి పుట్టినరోజుకు నాటుతుంది. యాభై ఏళ్ళకు పైగా నాటుతోంది. పారిష్‌లో ఎవరికీ ఎందుకో చెప్పలేదట.

ఆ పూలు ఎవరు నాటారో మేం అడగలేదు. చెత్త సంచి మూతి కట్టింది నేనే. పసిపిల్లల వార్డులోనూ చేసినదాన్ని. ఫాదర్ వచ్చే వేళ లేకపోతే తల్లులు అడిగితే, బతకని బిడ్డల తల మీద దూదితో నీళ్ళు అద్దినదాన్ని. ఆ నీళ్ళంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. క్షమించమని అడిగాను. ఆవిడ క్షమించానని అనలేదు. లేచి కాఫీ పెట్టింది.

లీజు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెన్యూ అయింది. కౌన్సిల్‌లో ఆవిడ ఏం చెప్పిందో మాకు తెలియదు. రాయిని లోపలికి చేర్చారు, మావాళ్ళు ఆరుగురు, వాళ్ళ వాళ్ళు ఇద్దరు కలిసి మోశారు. మేం ఇప్పుడు కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి వెళతాం. పిల్లలు కొన్ని వారాలు అడిగి మానేశారు. మొక్కలు నేను కొని తెస్తానంటే ఆవిడ వద్దంది. కొత్తవి తనే తెచ్చి వసారా పక్కన నేలలో నాటుకుంది.

ఆ రోజు కాఫీ తాగుతుండగా ఆవిడ అడిగింది.

"మీ అమ్మ ఫొటో ఉందా మీ దగ్గర?"

"లేదు. ముఖం కూడా గుర్తులేదు."

ఆవిడ గోడ మీద ఫొటో వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. అంతసేపూ క్షమాపణ అడుగుతున్నదాన్ని నేనైనా, ఇప్పుడు జాలిపడ్డది ఆవిడ.

"మరి ఏం గుర్తుంది?"

"చేతులు. కాళ్ళు ఎలా పట్టుకునేదో అది."

"ఎలా?"

చేత్తో గాలిలో చూపించబోయాను. రాలేదు. కాలు లేకుండా చూపించడం ఎలా? ఆవిడ గ్రహించి, కుర్చీ కాస్త వెనక్కి జరిపి, చెప్పులోంచి కుడికాలు తీసి చాచింది. వాచిన కాలు, నీలం నరాలు. నేను ఉద్యోగంలో వేలసార్లు చూసిన కాలే. మోకాళ్ళు నొప్పులు పెడుతున్నా కింద కూర్చున్నాను. ఎడమ అరచేతిలో మడమను పెట్టుకున్నాను. కుడిచేతి బొటనవేలితో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ నిమిరాను, చిటికెనవేలి నుంచి మొదలుపెట్టి. అమ్మ అక్కణ్ణుంచే మొదలుపెట్టేదని చేతులకు తెలిసింది, నాకు తెలియదు.

అలా చేస్తుంటే నా తల వంగి ఉంది. కళ్ళు పాదం మీదే ఉన్నాయి. ఆవిడకు పైనుంచి నా తల తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు అర్థమైంది నాకు, అమ్మ ముఖం ఎందుకు గుర్తులేదో. తొట్టి అంచు మీద కూర్చుని నేను చూసింది ఆమె పాపిడి. నిజానికి అది నాకు బాగా గుర్తుంది. సన్నటి తిన్నటి పాపిడి, కొబ్బరినూనె మెరుపు, కుడిపక్కన ఒకే ఒక్క తెల్ల వెంట్రుక. ముప్పై అయిదేళ్ళు కూడా లేవు ఆమెకు. ముఖం నేను మర్చిపోలేదు. ఆమె నా కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.